తోకమ్మ ఫ్రీజర్ జోలికి వెళ్లకండి

ఆమెను చూసి నవ్వి పక్కన పెట్టింది మీరే. ఇవాళ ఈ సంతాప సభలో ఏడవడానికి వచ్చిందీ మీరే. ముందు వరసలో కూర్చున్న పెద్దలకే చెబుతున్నాను.

మిత్రులారా, తోటి పరిశోధకులారా, కూతుర్ని పోగొట్టుకుని మా మధ్య కూర్చున్న అమ్మా! మనం పోగొట్టుకున్నది ఎవరిని? ఈ సంస్థ వెక్కిరింపుగా ‘తోకమ్మ’ అని పిలిచిన శాస్త్రవేత్తని.

ఎందుకా పేరు? జన్యువుల్ని నడిపించే, ఆపే ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో డీఎన్ఏని పట్టుకునే ముక్క ఒకటి, చేయిలాంటిది. దాని వెనక ఓ పొడవాటి తోక, ఆకారమంటూ లేకుండా వేలాడుతూ. తోక ఉంటే ప్రోటీన్ ట్యూబులో ముద్ద కడుతుంది. అందుకని మనం మొదట్లోనే కత్తిరించేస్తాం. మన గురువులు కత్తిరించారు కాబట్టి మనమూ కత్తిరిస్తాం. ఆ తర్వాత, చేయి పట్టుకోగల చోట్లు జీనోమ్‌లో, అంటే కణంలోని మొత్తం డీఎన్ఏలో, వేలకు వేలున్నాయే, ఇది కొన్నిటి దగ్గరికే ఎలా వెళ్తోందబ్బా అని తల పట్టుకుంటాం. దారి తెలిసిన ముక్కను చెత్తబుట్టలో వేసిందెవరు?

ఆమె వెయ్యలేదు. ట్యూబులు వదిలేసి బతికున్న ఈస్ట్ కణాల్లోనే చూసింది. ఓసారి ఏకంగా చేతినే తీసేసి తోకను ఉంచింది. ఆ తోక తను వెళ్లాల్సిన జన్యువుల్లో చాలావాటి దగ్గరికి చక్కగా వెళ్లి కూర్చుంది. సెమినార్లో ఆ సంగతి చెబితే మన డైరెక్టరుగారు, “కుక్కను వదిలేసి తోకకు బిస్కెట్ వేస్తున్నావేంటమ్మా” అన్నారు. హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి తర్వాతి స్లైడు పెట్టింది. అది ఎవరైనా చూశారా?

కొద్దిరోజులకే ల్యాబులో ఆమె బెంచీ పోయింది. ఈ హాలు బయట, కారిడార్లో, ఫ్రీజర్ పక్కన ఇంత బల్ల పడేశారు. కీమో చేయించుకుంటూ, తలకి స్కార్ఫు కట్టుకుని, అక్కడే పనిచేసింది. ఇంతకీ నువ్వు కనిపెట్టిందేంటే అని ఈ అమ్మ ఆస్పత్రిలో అడిగారట. “తాళం తీసేది చెయ్యే అమ్మా. ఏ ఇంటికి వెళ్లాలో కాళ్లకి తెలుసు. వీళ్లు కాళ్లు నరికేసి, చేతికి దారెలా తెలిసిందని ఆశ్చర్యపోతున్నారు” అందట.

మొన్న ఇంకెక్కడి వాళ్లో అదే మాట అచ్చువేశారు. వెంటనే డైరెక్టరుగారు, “మా సంస్థ ఎప్పుడో గమనించింది” అన్నారు. ఎవరండీ ఆ సంస్థ? నిన్నేమో ఆమె ఫ్రీజర్ ఖాళీ చేయాలని నోటీసు అంటించారు. అందులో ఆమె దాచిన ఈస్ట్ కణాలు పోతే, ఆమె చెప్పింది నిజమని చూపించడానికి ఇక మన దగ్గర ఏముంటుంది?

బతిమాలడం లేదు, అడుగుతున్నాం.

ఆ ఫ్రీజర్ ప్లగ్గు ఎవరూ పీకకూడదు.

ఆ కణాలు అడిగిన ప్రతి ల్యాబుకూ ఇవ్వాలి.

ఆమె ఫలితాలు ఆమె పేరు ముందు పెట్టి అచ్చువేయాలి.

ఆ నవ్వుకు డైరెక్టరుగారు ఈ అమ్మకి, ఈ హాల్లోనే, క్షమాపణ చెప్పాలి.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. ఆ రోజు నవ్విన వాళ్లు కూడా. ఎవరూ మాట్లాడకండి. తలుపు తెరిచే ఉంది. ఫ్రీజర్ చప్పుడు వినిపిస్తుంది, వినండి.