ఇత్తడి తూటాల మీద వెంకటరావమ్మకెందుకంత ప్రేమ

సింగరాయకొండకు పడమటి ఊళ్లో, మిరప రైతు యలమందయ్య ఇంటి పంచలో, నులకమంచం మీద రెండు తూటాలు: ఒకటి పాత ఇత్తడిది, ఒకటి కొత్త స్టీలుది. తుపాకులు బాగుచేసే మాబు సాహెబ్ కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. యలమందయ్య భార్య వెంకటరావమ్మ వంటింట్లో గారెలు వండుతోంది. యలమందయ్యకు ఆ ఇత్తడిదాన్ని చూస్తేనే ఒళ్లు మండిపోతోంది.

"వద్దంటే వద్దు మాబూ! ఆ ఇత్తడి గొట్టాలు తీసుకుపోయి ఎక్కడన్నా పారెయ్. నాలుగేళ్లుగా కాలుస్తున్నా, ఒక్క పంది పడితే ఒట్టు. పడటం అటుంచు, కనీసం కుంటుకుంటూ కూడా పోలా. మిరప చేనంతా పెళ్లగించి పోతున్నాయి, దొంగసచ్చినవి!"

"అది తూటా తప్పంటావా బాబాయ్?"

"మరి నా గురి తప్పంటావా?"

"అబ్బే, నేనేమన్నాను... ఏమన్లేదు."

"స్టీలువి ఒక పాతిక ఇప్పించు. ఏమే రావమ్మా, నా లైసెన్సు పుస్తకం ఇటు..."

"స్టీలువి వద్దండీ."

"నిన్నెవరడిగారే?"

"మీ చేతులు వణుకుతున్నాయని నాలుగేళ్లుగా తూటాలు నింపేది నేనేగా? ఇత్తడే మంచిది. చెప్పు మాబూ, మంచిదా కాదా?"

"మంచిదే పిన్నీ. ఇత్తడి మెత్తన. కాలిస్తే కాస్త ఉబ్బినా మళ్లీ సర్దుకుంటది, మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. స్టీలు మొండిది. ఒకసారి కాల్చాక రెండోసారి నింపడానికి పనికిరాదు."

"విన్నారా? మొండిదంట. ఇంట్లో ఒక మొండిఘటం ఉంది, చాలు."

"ఓహో! మా అమ్మ కాగు, బిందెలు, గంగాళం, ఇత్తడన్నది లేకుండా స్టీలు సామాన్లోడికి వేసి గిన్నెలు తెచ్చుకున్నప్పుడు ఏమైందే ఈ ప్రేమ?"

"బిందెలు వేరు, తూటాలు వేరు."

"ఏం వేరు?"

"వేరంటే వేరు!"

"చూశావా మాబూ? సరే, ఈ స్టీలువి ఇంట్లో నింపే పనుందా?"

"లేదు బాబాయ్. కంపెనీవాళ్లే సీసం గుండ్లు పోసి మూతి మూసేసి పంపుతారు. తెచ్చుకోవడం, కాల్చుకోవడం."

"విన్నావటే? నీకూ శ్రమ తప్పుద్ది."

"నేనేమన్నా శ్రమని అన్నానా? అన్నానా ఎప్పుడన్నా? ...మాబూ, గారెలు తిను నాయనా, వేడిగా ఉన్నాయి."

"మాట మార్చకే! తిను మాబూ, నువ్వు తిను. పక్క చేను తోమా లేడూ, వాళ్లావిడ పంపిన మినుములే అవి. విత్తకుండానే మొలిచాయంట, వాడి కాపలా మంచె చుట్టూ! అదృష్టమంటే వాడిది. నా చేలో పందులు, వాడి చేలో మినుములు."

"తోమా అంటే... అప్పట్లో మీరు పందనుకొని..."

"ఆ చెంబు గొడవ ఇప్పుడెందుకురా? నల్ల దుప్పటి కప్పుకొని కూర్చుంటే ఎవడైనా పందే అనుకుంటాడు. చెంబుకేగా చిల్లు పడింది!"

"ఆ చెంబు వాడి చేతిలో ఉందండీ. పొట్ట దగ్గర."

"నాలుగేళ్ల నాటి మాట. తర్వాత కంటి ఆపరేషన్ చేయించుకున్నాగా?"

"ఒక కంటికి."

"అమ్మా తల్లీ, ఇక ఆపు! మాబూ, తప్పెక్కడుందో తేల్చేద్దాం. ఆ నింపిన ఇత్తడి తూటా మూతి తీసి చూడు. గుండ్లు సరిగ్గా పోస్తోందో లేదో."

"వద్దు మాబూ, తీయకు!"

"ఏం పిన్నీ?"

"తీస్తే... చెమ్మ తగులుద్ది."

"ఇంత ఎండలో చెమ్మేంటే? తియ్ నువ్వు."

"ఇదిగో, అట్టబిళ్ల వచ్చింది... బాబాయ్."

"ఏంటి? గుండ్లు తక్కువయ్యాయా?"

"తక్కువేం కాదు. నిండుగానే ఉన్నాయి. నల్లగా, నున్నగా... పిన్నీ, ఇవి మినుములు కదూ?"

"మినుములా? మినుములేంటి? రావమ్మా, మినుములేంటే?"

"ఆ చెంబుకి చిల్లు పడిన రోజు నుంచీ అవే పోస్తున్నా. ఏం చేసుకుంటారో చేసుకోండి."

"ఓసి నీ దుంపతెగ! నాలుగేళ్లు నా చేత పందుల మీదికి మినుములు కాల్పించావా? ఊళ్లో తెలిస్తే నా పరువేం కాను? ఆనాడేదో పొరపాటు జరిగిందే అనుకో, ఆ తర్వాత నా గురికేం తక్కువైంది?"

"పందులొచ్చేది తూర్పు గట్టునండీ. మరి మినుములు పడమటనున్న తోమా మంచె చుట్టూ ఎందుకు మొలిచాయి?"