విత్తులమ్మ తువ్వాళ్ళు

ఎవరూ, విత్తులమ్మ సంగతా? కూర్చో అమ్మడూ, ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతోంది, ఇలా మంచమ్మీదకి రా. ఆవిడ పత్తి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త, నేనక్కడ జీపు డ్రైవర్ని. ఎవరి పెరట్లో వింత పత్తిమొక్క ఉందన్నా చాలు, "బండి తియ్ అన్నయ్యా" అనేది. ఎన్ని దారులు తిరిగామో! గోధుమరంగు దూదిది ఒకటి, ఆకు మీద పిల్లిచెవికి ఉన్నట్టు నూగుండి పురుగు వాలనిది ఒకటి, ఇలా వందల రకాలు. "ఇవాళ ఎందుకూ పనికిరాదన్నదే రేపు తెగులొచ్చినప్పుడు దిక్కవుతుంది" అనేది. వాటి గింజలన్నీ డబ్బాల్లో పోసి చలిగదిలో దాచింది. మా ఆవిడేమో, "ఆ చల్లగదిలో నన్నూ కాసేపు కూర్చోబెట్టరాదూ" అని ఒకటే పోరు... సరే, అది వేరే కథ.

ఏమంటున్నానూ? ఆఁ, ఒక ఎండాకాలం విత్తులమ్మ చెల్లెలి పురిటికని ఊరెళ్ళింది. ఇక్కడ చలియంత్రం చచ్చింది. తిరిగొచ్చి తలుపు తీస్తే గది కొలిమిలా ఉంది. ఆఫీసరు మంచివాడే పాపం, "పోతే మళ్ళీ తెప్పించుకుందాం లేమ్మా" అన్నాడు. "ఎక్కడ్నుంచి సార్? ఇచ్చిన ముసలాళ్ళూ పోయారు, ఆ చేలూ పోయాయి" అంది. ఆ ముఖం చూళ్ళేకపోయాననుకో.

బతికున్నాయో లేదో తేలాలంటే మొలకెత్తించి చూడాలిగా. ఒక్కో డబ్బాలోంచి గుప్పెడు తీసి తడిగుడ్డలో చుట్టాలి. కేంద్రంలో ఉన్న గుడ్డలు ఏ మూలకి? ఆవిడింట్లో తువ్వాళ్ళన్నీ నేనే మోసుకొచ్చా. వాళ్ళత్తగారు వెనకాలే వచ్చింది, "స్నానం చేసి దేంతో తుడుచుకోవాలయ్యా, నీ తలతోనా?" అంటూ. అని, ఊరుకుందా? తనూ కూర్చుని చుట్టడం మొదలెట్టింది!

నాలుగైదు రోజులాగి విప్పాం. మొదటి చుట్ట, బూజు. రెండోదీ బూజే. మూడోది విప్పడానికి విత్తులమ్మకి చేతులాడలేదు. అత్తగారే లాక్కుని విప్పి, కళ్ళజోడు పైకెత్తి, "ఇదేంటే, గింజకి తెల్లగా తోకొచ్చిందీ?" అంది. వేరమ్మా, వేరు! ఆ తర్వాత విప్పినవాటిల్లో చాలామటుకు మొలకే. ఏవో కొన్ని రకాలు పోయాయి, గోధుమరంగుది కూడా. దానికి ఏడ్చింది. మిగతావాటికీ ఏడ్చింది, అది వేరే ఏడుపు. అత్తగారు వీపు నిమురుతూ, "బతికాయిగా తల్లీ, ఇంకెందుకే" అంటూ తనూ ముక్కు చీదింది.

యంత్రం బాగుపడ్డాక ప్రతి రకాన్నీ పొలంలో వేసి, కొత్తగింజ తీసి, ఇక్కడ పోయినా అక్కడుంటాయని అందులో సగాన్ని దూరంగా ఉన్న ఇంకో కేంద్రానికి పంపించింది. నేనే బండిలో తీసుకెళ్ళా, ఆవిడా వచ్చింది. తిరుగుదారిలో పక్కసీట్లో తల వాల్చి ఎలా నిద్రపోయిందనుకున్నావ్! గతుకుల్లో కూడా లేవలేదు. ఆవిడ నిద్రపోతుంటే చూడ్డం అదే మొదలు. హారన్ కొట్టబుద్ధెయ్యలేదు. రోడ్డుకి అడ్డంగా గేదెలొస్తే, బండి ఆపి, దిగి, నేనే వాటిని...

సర్లే. పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడమ్మా.