బొంద మీది చిక్కుడు

తెలంగాణ బంద్ నాడు గొల్లపల్లి బడిలో ఆడవాళ్లు విత్తనాలు పంచుకుంటున్నారు. ఒక తల్లి ఓ యువతి ముందు మూట విప్పింది.

"గీ చిక్కుడు గింజలు ఎర్రగున్నయేంది, పెద్దమ్మా? ఏడ పండినయి?"

"మా యోహాను బొంద మీద, బిడ్డా."

"ఉద్యమంల పాణమిడిచిన యోహానా?"

"ఆఁ, నా కొడుకే. నువ్విచ్చిన గింజలు అంగీ జేబులనే ఉండె. గదే అంగీతోని బొందపెట్టినం. వానలు పడంగనే తీగ మొలిచింది."

"నేనిచ్చినయి తెల్లగింజలు గదా!"

"తెల్లయే. గిట్ల కాసినయి. వండిన గని నోట్ల పెట్టబుద్ధి కాలె."

"మరి నాకెందుకు తెచ్చినవ్?"

"పండినంక వాపస్ ఇస్తనని నీకు మాటిచ్చిండట గదా."

"ఇచ్చిండు. అప్పుడు మేమిద్దరమే ఉంటిమి. నీకెవరు చెప్పిన్రు?"

"తీగ పక్కన కూసుంటే వాడే చెప్పిండు. కొంగు పట్టు, బిడ్డా."