మందుల చీటీ చదివే మిషను

తమ్ముడు కాగితాలు పట్టుకుని వచ్చేసరికి అక్క కంప్యూటరు దగ్గర్నుంచి లేచి, అప్పుడే కంచం ముందు కూర్చుంది. పదిహేనేళ్లు తమ్ముడి మందుల షాపులో, కోడి కెలికినట్టుండే డాక్టర్ల రాతను చదివిన మనిషి ఆమె. ఇప్పుడు ఇంట్లోనే, ఏదో ఏజెన్సీ ఇచ్చే టైపింగు పని చేసుకుంటోంది.

“షాపు అమ్మేస్తున్నానక్కా. డబ్బంతా ఈ కంపెనీ షేర్లలో పెడతా.”

“ఏం చేస్తుందిరా ఆ కంపెనీ?”

“మందుల చీటీ ఫోటో తీసి పంపితే మిషనే చదివేస్తుంది. మనిషితో పన్లేదు. ఏడాదిలో పదింతలవుతుందట!”

“అట అన్నదెవరు?”

“షేర్లు అమ్మేవాళ్లే.”

“కాకి పిల్ల కాకికి ముద్దు. మరి అర్థంకాని రాత వస్తేనో?”

“ఊహించి చెప్పదక్కా. ‘డాక్టరుకే ఫోన్ చేసి కనుక్కోండి’ అంటుంది. అచ్చం నువ్వన్నట్టే!”

అక్క ముద్ద కలపడం ఆపింది.

“మధ్యాహ్నం పూట కూడా ఇంతే చురుగ్గా చదువుతుందా?”

“ఒంటిగంట దాటాక కాస్త నెమ్మదిస్తుంది. వేడెక్కుతుందేమో. నీకెలా తెలుసు?”

“ఏదీ, ఇప్పుడొక చీటీ పంపు.”

తమ్ముడు జేబులోని చీటీని ఫోటో తీసి పంపాడు. పక్కగదిలో ఆమె కంప్యూటరు టింగుమంది.

అతను ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు.

“ఇంకా జవాబు రాలేదేంటక్కా?”

“ఎలా వస్తుందిరా? ఉండు, చెయ్యి కడుక్కుని వెళ్లి టైపు చేస్తాను.”