ఎదగని గడ్డి

తను పరిచిన ప్లాస్టిక్ గడ్డి మీద పనివాడు కాలు పెట్టగానే అది పచక్‌మంది. ఆ ఇంటి అల్లుడి చేతిలో నీళ్ళ గొట్టం ఉంది.

“దీనికి నీళ్ళేంటి సార్?”

“మెల్లిగా! మా అత్తగారు ప్లాస్టిక్ గడ్డి వద్దంటే, ఇది నిజం గడ్డేనని చెప్పాం. నీళ్ళు పోయకపోతే అనుమానం రాదూ?”

“కింద బంకమన్ను సార్, చుక్క ఇంకదు. దాని మీద వేసిన కంకర కూడా బురదలో కలిసిపోయింది. ఈ కంపేంటి?”

“ఎరువు.”

“ఎరువు కూడానా!”

“ఎదగట్లేదని ఆవిడ బెంగపడుతుంటే ఏం చెయ్యను? ఇంతకీ నిన్నెవరు పిలిచారు?”

“మీ అత్తగారే. ‘కంపు భరించలేకపోతున్నాను, వచ్చి బాగుచెయ్యి నాయనా. కానీ అది ప్లాస్టిక్కని మా అల్లుడికి మాత్రం చెప్పకు. పాపం, ఎంతో ప్రేమగా పెంచుకుంటున్నాడు’ అన్నారు.”