జట్టులో పదిమంది

హలో… ఆ, నేనే. వసుమతినే అక్కా… బీన్స్ ఈనెలు తీస్తున్నా. రిసీవర్ భుజానికి నొక్కిపెట్టుకున్నాలే, చెప్పు.

…

లేదు, జలుబేం లేదు. మామూలుగానే ఉంది గొంతు.

…

ఏడవలేదన్నానా.

…

ఎక్కడుంటారు, గరాజ్‌లో. టైపు కొడుతున్నారు. ఆదివారం కదా మరి.

…

ఇంకా అదే. ఆ పోర్చుగీసు ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర… నవ్వకు. అంత దూరాన ఇర్వింగ్‌లో కూర్చున్నదానివి, నీకు నవ్వొస్తుంది. ఇక్కడ ఫ్రీమాంట్‌లో పద్నాలుగు నెలలుగా దీన్ని భరిస్తున్నది నేను.

…

అదే, పక్కింటి ముసలాయన, మాన్యుయెల్ అని చెప్పాను చూడు. సముద్రం మధ్యలో ఏదో దీవి వాళ్ళది. ప్రాయా వెల్యా అని చిన్న ఊరు. ఆ ఊరి క్లబ్బుకి ఒకప్పుడు ఈ ముసలాయనే గోల్‌కీపర్‌ట. క్లబ్బు పెట్టి ఈ ఏటికి అరవై ఏళ్ళు. పుస్తకం వేయాలి. ఇక్కడ పుట్టిన మనవలకి వాళ్ళ భాష రాదు, అందుకని ఇంగ్లీషులో ఉండాలి. ముసలాయన వాళ్ళ భాషలో చెప్తాడు, కూతురు ఇంగ్లీషులో చెప్తుంది, నీ మరిది టైపు చేస్తారు.

…

ఆవిడకి మాట్లాడ్డమే వచ్చక్కా, చదవడం రాయడం అంతంతమాత్రం. పదిహేనేళ్ళప్పుడు వచ్చి నేరుగా పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీలో చేరిందిట.

…

ఆ. లూర్దెస్. నలభై ఉంటాయి. భర్త పోయాడు. ఎప్పుడూ నల్లగౌనే… నల్లగౌనయితే ఏం, బావుంటుంది. నాకు ఉన్న కష్టమే అది.

…

ఛ, అలాంటిదేం లేదు. ముసలాయన మధ్యలోనే కూర్చుంటాడు. ఏమన్నా ఉంటే తిట్టడానికన్నా వీలుండేది.

…

ఏం చేస్తారా? నవ్వుతారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూంటా. ఆవిడ ఏదో చెప్తుంది, ఈయన కాగితం మీంచి తలెత్తి, కళ్ళజోడు తీసి మరీ నవ్వుతారు. కళ్ళజోడు తీసి నవ్వడం నేను పెళ్ళయిన కొత్తలో చూశాను. మళ్ళీ ఇదిగో, కిటికీలోంచి.

…

అన్నంలో కూడా అదే గోల. వాళ్ళ మైదానం ఏటవాలుట. బంతి దొర్లి సముద్రంలో పడేదిట. ఆట జరిగినంతసేపూ ఒకడు పడవేసుకుని కింద కాచుకుని ఉండేవాడుట, బంతి తెచ్చివ్వడానికి. మొదటి చొక్కాలు పిండిసంచులు కత్తిరించి కుట్టారుట… నువ్వూ ‘భలే’ అంటున్నావా? అను. ఈయనా అంతే, కళ్ళు వెలిగిపోతాయి.

…

అది కాదక్కా. నేను బడిలో ఖోఖో ఆడానా లేదా? తాలూకా పోటీలకి వెళ్ళి కప్పు తెచ్చామా లేదా? మొన్నామధ్య చెప్పబోయాను. మా జట్టులో శశికళ అని ఉండేదండీ, అన్నాను. ‘ఆ, తర్వాత’ అన్నారు. అంటూ మళ్ళీ ఆ కాగితాల్లోకి… పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఇంకా ఆ తర్వాత రాలేదు.

…

ఊఁ. పుస్తకం అయిపోయింది, ఆఖరి పేజీ కొడుతున్నారు. ఇవాళ నాలుగింటికి ఆవిడ వచ్చి తీసుకెళ్తుంది. రేపు పొద్దున సాన్ హోసేలో ప్రెస్సుకి ఇచ్చేస్తుంది.

…

పీడా పోయిందనా?… ఆ. పోయింది.

…

ఏం లేదు. ఉన్నాను. బీన్స్…

…

అక్కా, ఒకటి చెప్తాను. బావగారు పక్కన లేరుగా?

…

ఆ పుస్తకంలో తప్పుంది.

…

స్పెల్లింగ్ కాదు. చెప్తాను ఉండు. మన బడి హాజరుపట్టీలో పేర్లు ఎలా రాసేవారు? ఇంటిపేరు ఒక్కక్షరం, అసలు పేరు పూర్తిగా. ముందుండేది ఇంటిపేరు కాబట్టి ముందున్నదాన్ని కుదిస్తాం. వీళ్ళకి అసలు పేరు ముందుంటుంది. మాన్యుయెల్ సిల్వైరా అంటే మాన్యుయెల్ మనిషి, సిల్వైరా ఇల్లు. ఈయన చేతికి మన అలవాటు. జాబితాలు చక్కగా ఇమడాలని ముందున్నది కుదించి ఎం. సిల్వైరా అని టైపు చేశారు. పుస్తకమంతా అలాగే. ఆ ఊళ్ళో సగంమంది సిల్వైరాలే.

…

ఆఫీసులో సరిగ్గానే రాస్తారు, అక్కడ ఫారాలుంటాయి. ఇంట్లో చెయ్యి ఎటు పోతే అటే.

…

కొంపేం మునగదంటావా? విను. పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటిలో పెద్ద మ్యాచ్ గెలిచారు వాళ్ళు. ఆ జట్టులో ఇద్దరున్నారు. జుజే సిల్వైరా ఒకడు, జువావ్ సిల్వైరా ఒకడు. కుదిస్తే ఇద్దరూ జె. సిల్వైరా. ఈయన జాబితా రెండోసారి టైపు చేస్తూ, ఒకే పేరు రెండుసార్లు పడిందనుకుని ఒకటి తీసేశారు. నేను లెక్కపెట్టాను. పదిమందే ఉన్నారు.

…

జువావ్ ఎవరో కాదక్కా. ముసలాయన తమ్ముడు.

…

పద్దెనిమిదేళ్ళు. గెలిపించిన గోలు వాడిదే. నెల తిరక్కుండానే సముద్రం మీదకెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ జుజే తర్వాత క్లబ్బుకి ప్రెసిడెంటయ్యాడు. ఇప్పుడు పుస్తకం చదివితే ఆ గోలు కూడా ప్రెసిడెంటుదే అనుకుంటారు.

…

నాకెలాగంటే — రొట్టె పంపించిందని ప్లేటు తిరిగివ్వడానికి వెళ్ళాను. గోడ మీద జట్టు ఫొటో ఉంది, కింద పేర్లు పూర్తిగా రాసి. ముసలాయన, చూపు సరిగ్గా ఆనదు, తడుముకుంటూ వచ్చి ఒక కుర్రాడి మీద వేలు పెట్టాడు. ఈ పుస్తకం వేయిస్తున్నదే వీడి పేరు అచ్చులో ఉండాలని, అంది లూర్దెస్.

…

ఈయనకీ తెలుసు, జువావ్ సంగతి. నాకంటే బాగా తెలుసు. జాబితా దగ్గరికి వచ్చేసరికి చూసుకోలేదు, అంతే.

…

నెలయింది నేను చూసి.

…

చెప్పలేదు.

…

మర్చిపోలేదక్కా. కావాలనే చెప్పలేదు.

…

ఎందుకంటే ఏం చెప్పను. అచ్చయ్యాక ఆవిడ తండ్రికి చదివించి వినిపించాలి కదా. అప్పుడు ఆవిడ ఈయన వంక ఒక చూపు చూడాలి. అంతే నాక్కావలసింది. ఒక్క చూపు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి నవ్వరు.

…

తిట్టు. తిడతావనే చెప్పాను.

…

తెలుసు. ముసలాయన నాకేం చేశాడు? ఏమీ చేయలేదు. పలకరిస్తే చేతులు జోడిస్తాడు కూడా, ఈయన నేర్పించారు.

…

రాత్రుళ్ళు ఆ కుర్రాడే గుర్తొస్తున్నాడు. ఫొటోలో అందరూ బిగుసుకుని నుంచుంటే వాడొక్కడూ పక్కకి చూస్తున్నాడు.

…

ఇప్పుడా? మూడున్నరైంది.

…

ఏమని చెప్పను? ఇవాళే చూశాననా?… అబద్ధమెందుకంటావు. నిజం చెప్తే ఇంకేమన్నా మిగులుతుందా?

…

సరే… సరే అన్నాను కదా. బీన్స్ పక్కన పెట్టేశాను. చెయ్యి కడుక్కుని వెళ్ళి చెప్తాను. ఆ పేజీ ఒక్కటీ ఇప్పుడే మళ్ళీ టైపు చేసుకోవచ్చు. మిగతావి పెన్నుతో —

…

ఏమిటది? ఏదో క్లిక్‌మంది. నీ వైపా?

…

అక్కా. టైపు చప్పుడు లేదు. ఎప్పుడాగిందో.

…

గరాజ్‌లో ఇంకో ఫోన్ ఉంది. ఇదే లైను. ఆవిడతో మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుందని పోయిన నెల పెట్టించారు. ఎప్పుడు ఎత్తారో… ఎక్కణ్ణుంచి విన్నారో…

…

ఉండు. వస్తున్నారు.

ఏమండీ… అక్కయ్యతో మాట్లాడుతున్నాను. నేనే వద్దామనుకుంటున్నాను, ఇప్పుడే… అడగండి అక్కయ్యని, ఇదిగో, మీరే అడగండి.

మూడో అధ్యాయంలో అండీ. ఆ పేజీ కాదు, తర్వాతది. జువావ్. పదకొండోవాడు… అలా చూడకండి. ఏదన్నా అనండి.

ఏమండీ —

…

ఉన్నానక్కా.

…

వెళ్ళిపోయారు. కాగితాలన్నీ పట్టుకుని. చెప్పులేసుకోలేదు. తలుపు బార్లా తీసే ఉంది.

…

మూడో అధ్యాయం పైకి తీసి పెట్టుకున్నారు.

…

కనిపిస్తున్నారు. కిటికీలోంచి. వాళ్ళ గడ్డి మీద నడుస్తున్నారు. మెట్ల దగ్గర ఆగారు… కళ్ళజోడు సరిచేసుకుంటున్నారు.

…

మంచిదేలే. చెప్పేస్తారు. తప్పు తనదేనంటారు తప్ప నా సంగతి చెప్పరు, ఆయన అలాంటి మనిషి. ముసలాయన తమ్ముడు పుస్తకంలోకి వచ్చేస్తాడు. మంచిదే.

…

అక్కా.

…

ఈయన ఇంకా బెల్ కొట్టలేదు. ఆవిడ తలుపు తీసింది. ఆవిడా కిటికీలోంచి చూస్తూనే ఉన్నట్టుంది.

…

లేదు, ఏడవట్లేదు. ఉంటాను.