వీబ ఇంకా ఎంచుకుంటున్నాడు

లేవార్డెన్ ఊళ్లో వీబ ఇంటి మేడమీది గది. ఒకప్పుడు అతనితో కలిసి పాడిన ఫ్రౌకె వచ్చింది.

“అదే చెప్తున్నా ఫ్రౌకే, రికార్డు చేసిన పాటలు సరిదిద్దాలంటే కంప్యూటర్లో ఏ రకం లినక్స్ పడితే అది పనికిరాదు. ఉబుంటు స్టూడియోలో అన్నీ ముందే అమర్చి ఉంటాయి. డెబియన్ నిలకడ. ఫెడోరా అయితే అన్నీ కొత్తవే. అందుకే...”

“అందుకే ఆరేళ్లుగా మారుస్తూనే ఉన్నావు.”

“మార్చడం కాదు, సరిచూసుకుంటున్నా. ఇంకో బిస్కెట్ తీసుకో.”

“రెండో బిస్కెట్టా? ఎప్పుడూ ఒక్కటిచ్చి డబ్బా మూసేసే నువ్వా? ఏం తప్పు చేశావేంటి?”

“ఛ, ఊరికే.”

“ఇప్పటికి ఎన్నో లినక్స్ ఇది?”

“పద్నాలుగు. కాదు, పదిహేను. కానీ ఇది భలే కుదిరింది. వచ్చే నెలకల్లా నీ పాటలు...”

“వచ్చే నెల, వచ్చే నెల! పన్నెండు పాటలు వీబా. మా అమ్మమ్మ నేర్పినవి. బయటి చప్పుడు రాకుండా ఆ కిటికీకి దుప్పటి కట్టి, ఇక్కడే పాడి రికార్డు చేయించాను. వాటి మీద ఒక్క పూటైనా కూర్చున్నావా?”

“కూర్చుంటా. సిస్టమ్ సరిగ్గా లేకపోతే నీ గొంతు పాడవుతుంది.”

“నా గొంతా? వినబడట్లేదా నీకు? ఆపరేషనయ్యి రెండేళ్లయింది. ఈ గరగర తప్ప ఏం మిగల్లేదు. మనవరాలికి జోలపాట పాడబోతే దడుచుకుని ఏడ్చింది, తెలుసా?”

“అయ్యో, ఫ్రౌకే...”

“జాలి వద్దు. పాటలివ్వు. ఎలా ఉన్నవి అలాగే. మెరుగులేం పెట్టకు.”

“ఇప్పుడే అంటే... వెతకాలి. ఏ డిస్కులో ఉన్నాయో...”

“వెతుకు. కూర్చుంటా.”

“ఫ్రౌకే.”

“ఊఁ.”

“లేవు.”

“ఏవి లేవు?”

“పాటలు. కొత్త లినక్స్ ఎక్కిస్తుంటే, డిస్కు మొత్తం చెరిపెయ్యనా అని కంప్యూటర్ అడిగింది. వేరే డిస్కనుకుని సరేనన్నాను. ఇంకో కాపీ తీసి పెట్టుకోలేదు. పెట్టుకోండి, పెట్టుకోండని ఊరందరికీ చెప్పేవాణ్ణి, నేనే పెట్టుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను నీకు? అందుకే ఇది బాలేదు, అది బాలేదు అంటూ...”

“ఎప్పుడు? మొన్నా?”

“మొదటిసారి మార్చినప్పుడే. నువ్వు పాడి వెళ్లిన వారానికి.”

“ఆరేళ్ల కిందట.”

“అవును.”

“చెప్పుంటే మర్నాడే వచ్చి మళ్లీ పాడేదాన్ని కదా వీబా. ఆ తర్వాత నాలుగేళ్లు నా గొంతు బాగానే ఉంది.”